డాక్టర్ మూడీ జీవితం రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

లండన్‌లో నల్లజాతివారి హక్కుల కోసం పనిచేసిన జమైకా డాక్టరు హెరాల్డ్ మూడీ మీద నువ్వు రాసి పంపిన చిత్తుప్రతి చదివాను. నీ వాక్యానికి పట్టు ఉంది, చదివిస్తుంది. కానీ పద్నాలుగు పేజీల్లో ఎనిమిది పేజీలు ఆయనకు జరిగిన అవమానాలకే ఇచ్చావు. గది దొరకలేదు, ఉద్యోగం ఇవ్వలేదు, ముఖం చాటేశారు. ఆ తర్వాత చివరి పేజీలో ఉన్నట్టుండి "జాతి సమానత్వం కోసం అలుపెరగని పోరాటం చేశారు" అని ఒక్క వాక్యం వేసి ముగించావు. ఆ పోరాటం ఎలా చేశాడాయన? ఎవరికి రాశాడు, ఏమడిగాడు, ఎవరు దిగొచ్చారు, ఏ రూలు మారింది? నువ్వు వదిలేసింది అదే, పాఠకుడికి కావలసిందీ అదే. అవమానం చదివితే జాలి పుడుతుంది, అంతే. ఆయన పనితనం కనిపించాలంటే ఆ అవమానాన్ని పట్టుకుని ఆయన ఏం చేశాడో రాయాలి.

ముందు ఎత్తుగడ మార్చు. "1882 అక్టోబర్ 8న జమైకాలోని కింగ్‌స్టన్‌లో జన్మించారు" అన్న వాక్యం మూడో పేరాలో వచ్చినా కొంపలేం మునిగిపోవు. 1913 ఫిబ్రవరితో మొదలుపెట్టు. దక్షిణ లండన్‌లో పెకమ్, కింగ్స్ రోడ్, 111 నంబరు ఇల్లు. ముప్పై ఏళ్ల నల్లజాతి డాక్టరు అక్కడ సొంత బోర్డు పెట్టుకున్నాడు. ఎందుకు పెట్టుకోవాల్సి వచ్చిందో వెనక్కి వెళ్లి చెప్పు. తండ్రి కింగ్‌స్టన్‌లో మందుల షాపు నడిపేవాడు, కొడుకు అందులో చేదోడుగా ఉన్నాడు. 1904లో ఓడెక్కి వచ్చి లండన్ కింగ్స్ కాలేజీలో మెడిసిన్‌లో చేరాడు. 1910లో క్లాసులో మొదటివాడిగా బయటికొచ్చాడు. ఆ తర్వాత రెండు చోట్ల కాదన్నారు. కింగ్స్ కాలేజీ హాస్పిటల్లో నల్ల డాక్టరుతో పనిచేయడం కుదరదని మేట్రన్, అంటే నర్సుల పెద్ద, అడ్డం పడింది. కాంబర్‌వెల్ బోర్డ్ ఆఫ్ గార్డియన్స్ వాళ్లు పేద రోగులు ఇతని చేత వైద్యం చేయించుకోరని చెప్పి పంపేశారు.

ఈ రెండో చోటు దగ్గర నువ్వు తడబడ్డావు. బోర్డ్ ఆఫ్ గార్డియన్స్‌ని "సంరక్షకుల మండలి" అని రాసి వదిలేశావు. పాఠకుడు దాన్ని అనాథాశ్రమం అనుకుంటాడు. అప్పటి పేదల చట్టం కింద ఒక ప్రాంతంలోని నిరుపేదల బాగోగులు చూసే స్థానిక సంఘం అది. వాళ్లకు వైద్యం చేసే డాక్టరును జీతమిచ్చి నియమించేదీ అదే. ఈ ఒక్క వివరణ ఉంటే అసలు విషయం బయటపడుతుంది. రెండు చోట్లా కాదన్నది రోగి కాదు, నియమించే చేయి. సొంత ప్రాక్టీసులో ఆ చేయి ఉండదు. తలుపు తట్టాలా వద్దా అన్నది రోగి ఇష్టం.

తేదీ కూడా చూడు. బ్రిటన్‌లో కార్మికుల ఆరోగ్య బీమా కింద వైద్యం మొదలైంది సరిగ్గా ఆ ముందు నెల, 1913 జనవరిలో. మగ కార్మికుడు వారానికి 4 పెన్నీలు, యజమాని 3, సర్కారు 2 వేసేవారు. కార్మికుడు జాబితాలో ఉన్న డాక్టర్లలో తనకు నచ్చినవాడిని ఎంచుకోవచ్చు. భార్యాపిల్లలకు అది వర్తించదు, వాళ్లకు జ్వరమొస్తే చేతి డబ్బే. పెకమ్ లాంటి కార్మికవాడలో డాక్టరు బతుకు ఎలా నడిచేదో చెప్పడానికి ఇదంతా పనికొస్తుంది. అలాగని మూడీ గారి జాబితాలో ఎంతమంది పేర్లున్నాయో నువ్వు లెక్క కట్టి రాయకు. నేపథ్యాన్ని నేపథ్యంగానే ఉంచు, ఆయన ఖాతాలో వేయకు.

కాలం విషయంలో మూడు పొరపాట్లు దొర్లాయి. ఈ విషయం మీద రాసేవాళ్లు మామూలుగా చేసేవే ఇవి. ఆయన్ని "ఎన్‌హెచ్‌ఎస్ తొలితరం వలస డాక్టరు" అన్నావు. ఎన్‌హెచ్‌ఎస్, అంటే బ్రిటన్ సర్కారు వైద్య సేవ, మొదలైంది 1948 జూలై 5న, ఆయన పోయింది 1947 ఏప్రిల్ 24న. మన ఊళ్ల నుంచి ఇప్పుడు అక్కడికి వెళ్లి పనిచేస్తున్న డాక్టర్లను తలచుకుని రాసి ఉంటావు, కానీ ఆయన ఆ వ్యవస్థను చూడనేలేదు. కరీబియన్ వలసదారులను బ్రిటన్‌కు తెచ్చిన విండ్‌రష్ ఓడ ప్రస్తావన కూడా తీసెయ్, అదీ 1948 జూన్ సంగతే. మూడోది అన్నిటికంటే పెద్దది. ఆయన "చట్టాన్ని ఆశ్రయించి" న్యాయం సాధించాడని ఒకచోట రాశావు. ఆశ్రయించడానికి చట్టం ఎక్కడుంది? జాతి వివక్షను తప్పుపట్టిన మొదటి చట్టం బ్రిటన్‌లో 1965లో వచ్చింది. ఆయన కాలంలో ఇంటి ఓనరు "నల్లవాళ్లకు గది లేదు" అని మొహం మీద చెప్పినా అది నేరం కాదు.

నీ వ్యాసానికి ఇరుసు ఇక్కడే ఉంది. చట్టం లేని చోట ఒక మనిషి ఏ పనిముట్లతో పనిచేయాలి? మూడీ దగ్గర ఉన్నవి ఇవీ: ఉత్తరం, అధికారి దగ్గరికి ప్రతినిధి బృందం, పత్రిక, చర్చి వేదిక, పార్లమెంటులో ప్రశ్న అడిగించగల పరిచయాలు. వీటిలో ఏది ఎక్కడ వాడాడో చెబుతూ పో, జీవితం దానంతటదే నడుస్తుంది.

మూడీ స్థాపించిన సంఘం లీగ్ ఆఫ్ కలర్డ్ పీపుల్స్ పుట్టుకను నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు. 1931 మార్చి 13న లండన్ టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్‌లోని వైఎంసీఏలో ఆ సమావేశం జరిగింది. అమెరికా నుంచి వచ్చిన నల్లజాతి చరిత్రకారుడు చార్లెస్ వెస్లీ కూడా అందులో ఉన్నాడు. అంతకు ముందే ఎన్నో ఏళ్లుగా గది దొరకని విద్యార్థులూ, పని దొరకని మనుషులూ మూడీ గడప తొక్కుతూనే ఉన్నారు. ఆయన వాళ్ల తరఫున యజమానుల దగ్గరికి వెళ్లి మాట్లాడేవాడు. ఒక డాక్టరు తీరిక వేళల్లో చేసే ఆ సాయానికి ఆఫీసు బేరర్లు, చందా, పత్రిక సమకూరడమే లీగ్. దాని లక్ష్యాలు చూస్తే సభ్యుల ప్రయోజనాలు కాపాడటం, ప్రపంచంలో ఎక్కడున్నా నల్లజాతివారి బాగోగుల మీద సభ్యుల్లో ఆసక్తి పెంచడం, జాతుల మధ్య సంబంధాలు మెరుగుపరచడం, తమ పట్ల సానుభూతి ఉన్న ఇతర సంస్థలతో కలిసి నడవడం. ఆపదలో ఉన్నవాళ్లకు డబ్బు సాయం చేయాలన్నది తర్వాత చేరింది. ఈ మాటల్లో ఆవేశం ఏమాత్రం లేదని గమనించు. ఆ చప్పదనం కావాలని పెట్టుకున్నదే. ఇవి చదివి భయపడే అధికారి ఉండడు, కాబట్టి తలుపు తెరుస్తాడు.

పత్రిక పేరు 'ది కీస్', 1933లో మొదలైంది. ఆ పేరు మన హార్మోనియం మెట్ల లాంటి పియానో మెట్ల నుంచి వచ్చింది. గోల్డ్ కోస్ట్‌కు (ఇప్పటి ఘనా) చెందిన విద్యావేత్త జేమ్స్ ఆగ్రీ, తెల్ల మెట్లతోనే ఏదో ఒక పాట వాయించొచ్చు, నల్ల మెట్లతోనూ వాయించొచ్చు, శ్రావ్యత కావాలంటే రెండూ కావాలి అనేవాడు. ఇది ఒక్క ముక్కలో చెప్పి వదిలెయ్. నువ్వు దీని మీద పేజీన్నర తత్వం రాశావు, అది కొట్టెయ్.

ఆ పేజీన్నర చోటు యూనా మార్సన్‌కి ఇవ్వు. నీ చిత్తుప్రతిలో ఆమె పేరే లేదు. 1932లో జమైకా నుంచి వచ్చిన ఈ కవయిత్రి పెకమ్‌లో క్వీన్స్ రోడ్ 164 నంబరులో, మూడీ ఇంట్లోనే దిగింది. 1922 నుంచి ఆ కుటుంబం కాపురమూ, ఆయన రోగులను చూసే గదీ అక్కడే. ఆమె జీతం లేకుండా లీగ్ కార్యదర్శి పని చేసింది, 'ది కీస్' సంపాదకత్వం చూసింది. ఉత్తరాలు వెళ్లాలన్నా, సభకు హాలు కుదరాలన్నా, వేసవిలో నల్లజాతి పిల్లలను ఎప్సమ్‌కి విహారానికి తీసుకెళ్లాలన్నా ఎవరో ఒకరు కూర్చుని పని చేయాలి కదా. అధ్యక్షుడి పేరు చరిత్రలో ఉంటుంది, కవర్లకు స్టాంపులు అంటించినవాళ్ల పేర్లు వెతికితే గాని దొరకవు. ఆయన భార్య ఆలివ్ సంగతీ అంతే. ఆమె తెల్లజాతి ఇంగ్లిష్ నర్సు, పెళ్లి 1913లో. ఆరుగురు పిల్లలు, పేషెంట్లు, ఎప్పుడు ఎవరొస్తారో తెలియని అతిథులు. ఆమెను "సహధర్మచారిణి" అన్న ఒక్క మాటతో సాగనంపావు.

ఇంటి మనుషుల దగ్గర ఇంకో చిక్కుంది. ఒక కాగితం మీద వంశవృక్షం గీసుకుని ఎదురుగా పెట్టుకో. రోనాల్డ్‌లు ఇద్దరు: తమ్ముడు రోనాల్డ్ శిల్పి, కొడుకు రోనాల్డ్ యుద్ధంలో రాయల్ ఎయిర్ ఫోర్స్‌లో పనిచేశాడు. హెరాల్డ్‌లూ ఇద్దరే, తండ్రీ కొడుకులు, ఇద్దరూ డాక్టర్లే. తల్లి క్రిస్టీనా, కూతురు క్రిస్టీన్. లడ్లో అనే ఇంకో తమ్ముడు కూడా డాక్టరే. నువ్వు పన్నెండో పేజీలో కొడుకు రోనాల్డ్ చేత మూడీ గారి కంచు విగ్రహం చేయించావు. అది తమ్ముడి పని.

ఇక వేల్స్‌లోని రేవు పట్నం కార్డిఫ్. వ్యాసానికి గుండెకాయ అక్కడుంది. నువ్వు "నావికుల సమస్యలపైనా స్పందించారు" అని రాసి తప్పుకున్నావు. సంగతి ఇదీ. 1925లో బ్రిటిష్ ప్రభుత్వం ఒక ఉత్తర్వు తెచ్చింది. తాము బ్రిటిష్ ప్రజలమని పత్రాలతో రుజువు చేసుకోలేని నల్లజాతి, ఆసియా నావికులు పోలీసుల దగ్గర విదేశీయులుగా నమోదు చేసుకోవాలి. కార్డిఫ్ పోలీసులు దాన్ని ఎంత దూరం లాగారంటే, పాస్‌పోర్టూ, ఓడల్లో చేసిన సర్వీసుకు గుర్తుగా ఇచ్చే డిశ్చార్జి బుక్కూ చూపించినవాళ్ల చేతిలో కూడా విదేశీ కార్డు పెట్టారు. కరీబియన్లు, పశ్చిమాఫ్రికావాళ్లు, సోమాలీలు, అరబ్బులు, వాళ్లలో మన భారతీయులూ ఉన్నారు. పుట్టినప్పటి నుంచి బ్రిటిష్ చక్రవర్తి ప్రజలుగా బతికినవాళ్లు ఒక గుమాస్తా రాతతో పరాయివాళ్లయ్యారు. పదేళ్లు అలాగే గడిచింది. 1935లో ఇంకో చట్టం వచ్చింది. సరుకు ఓడల కంపెనీలకు సర్కారు 20 లక్షల పౌండ్ల సబ్సిడీ ప్రకటించి, ఆ ఓడల్లో బ్రిటిష్ నావికులకే ప్రాధాన్యం ఇవ్వాలంది. పేరుకు మంచి షరతే. కానీ చేతిలో విదేశీ కార్డున్నవాడిని ఓడ ఎక్కనిస్తారా? ఒక కాగితం పదేళ్ల తర్వాత ఇంకో కాగితంతో కలిసి కార్డిఫ్ రేవులో నల్లవాళ్ల కూడు తీసేసింది.

లీగ్ ఏం చేసిందో చూడు. ఊరేగింపు తీయలేదు. 1935 ఏప్రిల్‌లో తన మనుషులను కార్డిఫ్ పంపింది. వాళ్లు నావికులతో కూర్చుని, ఎవరి దగ్గర ఏ పత్రాలున్నాయి, వాటి స్థానంలో ఏ కార్డు ఇచ్చారు, ఎప్పుడు ఇచ్చారు అన్నది రాసుకొచ్చారు. ఆ నివేదిక 'ది కీస్'లో అచ్చయింది. తర్వాత ఉత్తరాలు, ప్రతినిధి బృందాలు. చివరికి ఆ నావికులకు బ్రిటిష్ జాతీయత తిరిగి వచ్చింది. దీన్ని రాసేటప్పుడు కోపం నీ వాక్యంలో పెట్టకు, ఆ పత్రాల వరసలో పెట్టు. 1925 ఉత్తర్వు, కార్డు, 1935 చట్టం, ఖాళీ చేతులు, నివేదిక. ఈ వరస తారుమారైతే పాఠకుడికి ఏదీ అర్థం కాదు. నీలాంటివాళ్లు మామూలుగా 1935 నుంచి మొదలుపెట్టి ఉత్తర్వును మర్చిపోతారు. అప్పుడు నావికులు "విదేశీయులు" ఎలా అయ్యారో తెలియక కథ గాల్లో వేలాడుతుంది.

యుద్ధ కాలపు ఘట్టం నువ్వు బాగానే రాశావు, ఒక్క చోట తప్ప. 1939లో కొడుకు చార్లెస్ ఆరండెల్ (ఇంట్లో పిలిచే పేరు జో) సైన్యంలో ఆఫీసరుగా చేరదామని వెళ్తే, స్వచ్ఛమైన ఐరోపా సంతతివాడు కాదు కాబట్టి కుదరదన్నారు, మామూలు సిపాయిగా చేరొచ్చన్నారు. తండ్రి రంగంలోకి దిగాడు. అక్టోబర్ 19న వలస కార్యాలయం, అంటే వలస రాజ్యాల వ్యవహారాలు చూసే ప్రభుత్వ శాఖ, ప్రకటన చేసింది: ఐరోపా సంతతి కానివారు కూడా యుద్ధకాలపు ఎమర్జెన్సీ కమిషన్‌కు, అంటే ఆఫీసరు నియామకానికి, అర్హులే. జో వెస్ట్ కెంట్ రెజిమెంట్‌లో ఆఫీసరయ్యాడు, యుద్ధకాలంలో మేజరు దాకా వెళ్లాడు. ఆరుగురు పిల్లల్లో ఐదుగురు సైనిక దళాల్లో కమిషన్ పొందారు. వాళ్లలో క్రిస్టీన్, చిన్న హెరాల్డ్ సైనిక వైద్య దళంలో. నువ్వు "మూడీ ఒంటిచేత్తో బ్రిటిష్ సైన్యం మెడలు వంచారు" అన్నావు. అది అబద్ధం. పశ్చిమాఫ్రికా విద్యార్థుల సంఘం, ఇంటర్నేషనల్ ఆఫ్రికన్ సర్వీస్ బ్యూరో కూడా అదే సమయంలో అదే రూలు మీద పోరాడాయి. పైగా ఆ సడలింపు యుద్ధం ఉన్నంత కాలానికే. ఇది యుద్ధానికి మాత్రమే చాలదు, శాశ్వతంగా కావాలని మూడీ వెంటనే అడిగాడు. ఆ 'ఎమర్జెన్సీ' అన్న మాట నీ ప్రతిలో ఎగిరిపోయింది, దానితో ఆ డిమాండు కూడా పోయింది.

1940 నాటి బీబీసీ సంగతికి నాలుగు వాక్యాలు చాలు. అనౌన్సరు నోట నల్లవారిని కించపరిచే మాట దొర్లింది, మూడీ ఉత్తరం రాశాడు, బీబీసీ క్షమాపణ చెప్పింది.

దాని పక్కనే క్రికెటర్ లియరీ కాన్‌స్టంటైన్ కేసు పెడితే పోలిక తెలుస్తుంది. ఆయన కూడా లీగ్ మనిషే. 1943లో లండన్‌లో ఇంపీరియల్ హోటల్ ఆయనకు ముందే ఒప్పుకున్న బస నిరాకరించింది. ఆయన కోర్టుకెళ్లి 1944లో గెలిచాడు, నష్టపరిహారం 5 గినీలు, అంటే 5 పౌండ్ల 5 షిల్లింగులు. వివక్ష మీద చట్టం లేదన్నావు కదా, మరి ఎలా గెలిచాడు అని పాఠకుడు అడుగుతాడు. సత్రం నడిపేవాడు సరైన కారణం లేకుండా బాటసారిని కాదనకూడదన్న పాతకాలపు న్యాయసూత్రం మీద గెలిచాడు. జాతి మాట దానిలో ఎక్కడా లేదు. ఆ గినీలను ఇప్పటి రూపాయల్లోకి మార్చి రాయకు, ఆ అంకె ఎవరికీ ఏమీ చెప్పదు.

ఇప్పుడు నీకు ఇష్టం లేని భాగం. మూడీని ఆయన కాలంలోనే విమర్శించినవాళ్లున్నారు, ఆ మాట నీ వ్యాసంలో ఎక్కడా లేదు. జార్జ్ ప్యాడ్‌మోర్ లాంటి వామపక్షీయులకు ఆయన మరీ మెతకమనిషి. తెల్లదొరల దయ మీద ఆధారపడి, పామూ చావకుండా కర్రా విరగకుండా నడిపే వ్యవహారంగా వాళ్లకు లీగ్ కనిపించింది. ఆగ్రీ హౌస్ గొడవ తీసుకో. 1934లో వలస కార్యాలయం అండతో లండన్‌లో నల్లజాతి విద్యార్థులకు హాస్టల్ పెట్టారు. పశ్చిమాఫ్రికా విద్యార్థుల సంఘం దాన్ని బహిష్కరించింది. విద్యార్థుల మీద ఓ కన్నేసి ఉంచడానికే సర్కారు ఇది పెట్టిందని వాళ్ల అనుమానం. మూడీ హాస్టల్‌ను సమర్థించాడు. ఇందులో నా లెక్క ప్రకారం విద్యార్థుల అనుమానమే సరైంది. కానీ అది నా లెక్క. నువ్వు రెండు వాదాలూ పెట్టి, నీ మొగ్గు ఎటో దాచకుండా చెప్పు. ఇథియోపియా మీద ఇటలీ దాడి, ఆ తర్వాత కరీబియన్ దీవుల్లో కార్మికుల తిరుగుబాట్లు వచ్చాక ఆయన గొంతు గట్టిపడింది. 1944 జూలైలో లీగ్ వలస రాజ్యాల ప్రజల కోసం ఒక హక్కుల పత్రం ఆమోదించింది. పదమూడేళ్లలో మారిన మనిషిని మొదటి నుంచీ ఒకే భంగిమలో నిలబెడితే అది విగ్రహమవుతుంది. విగ్రహం ఆయన తమ్ముడు ఎలాగూ చేశాడు.

అలాగే "బ్రిటన్ మార్టిన్ లూథర్ కింగ్" అన్న ఉపశీర్షిక తీసెయ్. లీగ్ పుట్టేనాటికి కింగ్‌కి రెండేళ్లు. అంబేడ్కర్‌తో పెట్టిన పోలిక కూడా అక్కర్లేదు. ఇద్దరి పనిముట్లూ వేరు, ఆ పోలికకు వేరే వ్యాసం కావాలి.

తెలుగు పాఠకుడికి ఏదో ఒక ముడి ఉండాలని నువ్వు ఆరాటపడ్డట్టు తెలుస్తోంది. నిజమైన ముడి ఒకటి ఉంది, దాన్నే నువ్వు చూడలేదు. మూడీ కాంగ్రిగేషనల్ చర్చి మనిషి, ప్రసంగీకుడు. ఆ భక్తిని నువ్వు మొహమాటపడి కోసేశావు. కానీ ఆయన్ని ఇంగ్లండ్ నలుమూలలా మధ్యతరగతి తెల్లవాళ్ల ముందు నిలబెట్టింది ఆ చర్చి వేదికలే. 1943లో ఆయన లండన్ మిషనరీ సొసైటీకి అధ్యక్షుడయ్యాడు. ఆ సొసైటీ మనవాళ్లకు కొత్త కాదు. 1805లో విశాఖపట్నంలో అడుగుపెట్టి, సువార్తలను తెలుగు చేసి, కడప సీమలో బడులు పెట్టి, జమ్మలమడుగులో ఆసుపత్రి కట్టింది. తెల్లవాళ్లు నల్లవాళ్లకు బోధించడానికి పెట్టుకున్న ఆ సంస్థ కుర్చీలో జమైకా డాక్టరు కూర్చున్నాడు. జమ్మలమడుగు క్యాంప్‌బెల్ ఆసుపత్రి పేరు చెబితే రాయలసీమ పాఠకుడు వెంటనే అందుకుంటాడు. అంతకు మించి లాగకు. ఆయన ఆంధ్రదేశం వచ్చాడని ఎక్కడా ధ్వనించకూడదు.

చివరి ఏళ్లు పొదుపుగా రాయి. 1944 నవంబర్ 25న న్యూ క్రాస్‌లో వుల్‌వర్త్స్ దుకాణం మీద జర్మన్ల వీ-2 రాకెట్ పడి 168 మంది చనిపోయినప్పుడు, మొదట చేరుకున్న డాక్టర్లలో ఆయన ఒకడు. ఇది పెకమ్‌కి పక్కనే, కాబట్టి నీ మొదటి సీను చోటుతో కలుస్తుంది. పేదలు ఇతని చేత వైద్యం చేయించుకోరన్న పాత మాట మళ్లీ ఇక్కడ గుర్తు చేయకు, పాఠకుడికి ఆ మాత్రం జ్ఞాపకం ఉంటుంది. ఆ తర్వాత లండన్‌లో ఒక సాంస్కృతిక కేంద్రం కట్టాలని చందాల కోసం 1946-47 చలికాలంలో కరీబియన్ దీవులు, అమెరికా తిరిగాడు. జబ్బుతో తిరిగొచ్చి ఇంట్లోనే పోయాడు, 64 ఏళ్ల వయసులో. ఆ కేంద్రం కోసం తిరిగిన తిరుగుడు ఫలించలేదు. ఆయన పోయాక లీగ్ కూడా ఎక్కువ కాలం నిలవలేదు. ఈ రెండు వాక్యాలూ నీ ప్రతిలో లేవు. ఒక్క మనిషి మీద నిలబడ్డ సంస్థకు పట్టే గతి అది, ఆయన పద్ధతిలోని లోపం కూడా అందులోనే ఉంది. "వెలుగు నింపి వెళ్లారు" అన్న ముగింపు తీసి ఇవి పెట్టు. ప్రముఖులు బతికిన ఇళ్లకు అక్కడ పెట్టే నీలం ఫలకం క్వీన్స్ రోడ్ ఇంటికీ ఉంది; దాన్ని ప్రస్తావించాలనుకుంటే, ఆ ఇంటి పేరా దగ్గరే చెప్పెయ్.

కొలత సంగతి. రెండు వేల మాటలు అనుకుంటే, పెకమ్ ప్రాక్టీసుకి నాలుగు వందలు, ఇల్లు, లీగ్, యూనా మార్సన్‌కి నాలుగు వందలు, కార్డిఫ్‌కి ఆరు వందలు, సైన్యానికి రెండు వందల యాభై, విమర్శలకు రెండు వందలు, మిగిలింది చివరి ఏళ్లకు. అవమానాలకు విడిగా చోటు లేదు, వాటి చోటు వాటి వాటి పనుల పక్కనే. ముందు కార్డిఫ్ భాగం ఒక్కటే తిరగరాసి పంపు. అది కుదిరితే మిగతాది ఎలా రాయాలో నీకే తెలిసిపోతుంది. కుదరకపోతే ఆ ఉత్తర్వు దగ్గరే మళ్లీ కూర్చుందాం.

ఉంటాను.